ఎర్త్ కోసం వెతికిన అలీ అహ్మద్

ప్రొద్దుటూరులో లారీ బ్యాటరీలు ఛార్జి చేసే అలీ అహ్మద్, రెండో ప్రపంచ యుద్ధకాలంలో విమానాల కరెంటు పనులు చేశానని చెప్పేవాడు. నమ్మినవాడు లేడు. భార్య మహమూదా కూడా నవ్వేది.

1962లో వేముల దగ్గర, వేరుశనగకు మందు చల్లే చిన్న విమానం ఒక బీడు పొలంలో దిగి మళ్లీ లేవలేదు. బ్యాటరీ చచ్చింది. పైలట్‌కు ఇంగ్లీషే తప్ప తెలుగు రాదు. కాన్వెంటులో చదివిన పాపానికి నన్ను, రెండు లారీ బ్యాటరీలతో అలీని జీపులో తీసుకుపోయారు. దారంతా అతనిది ఒకటే మాట.

"అప్పా, ఇది లేయకపోతే సచ్చేదాకా నేను అబద్ధాలోన్నే."

రెండు బ్యాటరీలను వరసగా కలిపి ఇరవై నాలుగు వోల్టులు చేశాడు. ఒక తీగ విమానం బ్యాటరీకి తగిలించాడు. రెండోది పట్టుకుని విమానం చుట్టూ తిరుగుతూ, యాడ జూసినా రంగే, ఎర్త్ దొరకల్యా అని గొణిగాడు. ఆ బీడు ఆసామి కొండయ్య, ఎర్త్ అంటే ఏమిటని నన్నడిగాడు. భూమి అన్నాను. సిస్టర్లు నేర్పిందే కదా.

రేడియోకు ఎర్త్ కావాలంటే పెరట్లో కమ్మీ పాతి నీళ్లు పోయాలని అందరికీ తెలుసు. కొండయ్య కేక వేశాడు. ఆడవాళ్లు ముప్పై బిందెల నీళ్లు తెచ్చి చక్రాల కింద పోశారు. అలీ కొండయ్య మీదికి వచ్చాడు.

"ఏంది మామా ఇది? విమానానికి ఎర్త్ దాని ఒళ్లే. కరెంటు పోయేది తీగలో, తిరిగొచ్చేది ఈ రేకులో."

"గాల్లో ఎగిరేదాని భూమి దాని ఒంట్లోనే ఉంటే, మా బీట్లోకి ఎందుకు దిగింది?"

కొండయ్య మాట విన్నాక నాకూ అయోమయంగానే ఉంది. చివరికి అలీ ఒక బోల్టు మీది రంగు గీకి తీగ తగిలించాడు. ఇంజను దగ్గి, అందుకుంది. ఇక జనరేటరే కరెంటు చేసుకుంటుంది, బ్యాటరీనీ నింపుకుంటుంది అంటూ తీగలు పీకేశాడు.

విమానం మాత్రం కదల్లేదు. పోసిన నీళ్లకు నానిన నల్లరేగడిలో చక్రాలు దిగబడ్డాయి. నీళ్లు పోసినందుకే ఇంజను పట్టిందని సగం మంది, అలీ కట్టింది తప్పుడు తీగ కాబట్టే కదల్లేదని సగం మంది. కొండయ్య రెండు జతల ఎద్దులను కట్టి గట్టినేలకు లాగించాడు.

ఎక్కబోతూ పైలట్, ఎయిర్‌ఫోర్స్‌లో ఏ స్క్వాడ్రన్‌లో చేశావని అలీని ఇంగ్లీషులో అడిగాడు. అలీ తడుముకోకుండా నంబరు చెప్పాడు. పైలట్ సెల్యూట్ చేశాడు. అలీ నిటారుగా నిలబడి తిరిగి చేశాడు. పక్కనే పగ్గాలు పట్టుకున్న కొండయ్య కూడా చేశాడు.

ఆ సెల్యూట్ తన ఎద్దులకేనని కొండయ్య ఊరంతా చెప్పాడు. ఊరు నమ్మింది.