ఓడ దిగని మా పిన్ని

మా పిన్ని బస్సు డిపోలో విచారణ కిటికీ దగ్గర పనిచేసేది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అద్దం వెనక కూర్చుని, ఏ బస్సు ఎప్పుడొస్తుందో, వచ్చిన బస్సు ఎందుకు చెప్పకుండా వెళ్ళిపోయిందో జనానికి చెప్పేది. ఇంటికొచ్చాక సముద్రపు దొంగగా మారేది. ఇందులో ఇసుమంతైనా అబద్ధం లేదు. మా బాబాయి ఒక పిల్లల వారపత్రికకి బొమ్మల కథలు వేసేవాడు. ఆయన కథానాయిక ఓడలు దోచే రాణి. కంటి ముందు మనిషి నిలబడితే తప్ప బాబాయికి చెయ్యి కదలదు. కాబట్టి రాణి మా పిన్నే.

నేను అప్పుడే ఉద్యోగంలో చేరి వాళ్ళింట్లో ఉండేదాన్ని. నా ముఖంలో ఏం కనిపించిందో గాని బాబాయి నన్నెప్పుడూ శవాలకే వాడుకున్నాడు. నేల మీద బోర్లా పడుకోవాలి, ఊపిరి బిగబట్టాలి. ఒకసారి తుమ్మితే "శవం తుమ్ముతుందటే?" అని కసిరాడు. ఆ కోపం నాకింకా పోలేదు.

పిన్ని బల్ల ఎక్కి, గొడుగును కత్తిలా పట్టుకుని నిలబడేది. వెనక కిటికీ తెరే తెరచాప. ఆమె నోటికి ఏదొస్తే బాబాయి అదే రాణి నోట పెట్టేవాడు. అందుకే ఆ రాణి దోపిడీకి వెళ్ళినప్పుడల్లా "తోసుకోకండి, ఒక్కొక్కరే రండి, పిల్లలున్నవాళ్ళు ముందు!" అని ప్రయాణికుల్ని గదమాయించేది. పాఠకులకు అది తెగ నచ్చింది.

బాబాయి నమూనా కోసం పోగేసిన పాత బొమ్మల పుస్తకాలు, చారిత్రక నవలలు అటక నిండా ఉండేవి. పిన్ని వాటిలో పడి కంచంలో అన్నం చల్లారబెట్టుకునేది. "చూడవే, తుఫానుకి ఓడ రెండు ముక్కలైందట. ఈవిడ పెదవుల రంగు మాత్రం చెక్కుచెదరలేదు!" అనేది. నవలల్లో మగవేషం వేసుకున్న దొంగరాణులందరికీ ఎప్పుడో ఒకప్పుడు టోపీ ఊడి, జుట్టు మోకాళ్ళ దాకా జారేది. "అంత జుట్టు ఎలా పట్టిందే? అది టోపీయా, బస్తానా?" అని నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకునేది.

చివరి పేజీలకొచ్చేసరికి ఆ నవ్వు ఆగిపోయేది. అక్కడ ఆ రాణి ఏ జమీందారుకో తప్పిపోయిన కూతురని తేలేది. తనను పట్టుకోవడానికొచ్చిన కెప్టెన్నే పెళ్ళాడి ఓడ దిగిపోయేది. పెళ్ళి కుదరకపోతే ఉరికంబం ఎక్కేది. "ఓడ మీదే హాయిగా ముసలిదైన ఆడది ఒక్కతీ దొరకలేదేమే వీళ్ళకి?" అని పిన్ని నన్ను నిలదీసేది, ఆ పుస్తకాలన్నీ నేనే రాసినట్టు.

ఒకరోజు ఎడిటరుగారు స్వయంగా మా మెట్లెక్కి వచ్చారు. మంచివారే గాని వట్టి కంగారు మనిషి. మాట కంటే ముందు ఆయనకి చెమట వచ్చేది. "కథ మరీ సాగింది, వచ్చే సంచికతో ముగించేద్దాం. రాణి తనను తరుముతున్న కెప్టెన్ ముందు మోకరిల్లి కత్తి అప్పజెప్పాలి, పెళ్ళితో శుభం" అన్నారు. రాణి చివరి మాట కూడా ఆయనే రాసుకొచ్చారు: "నాథా, ఇక ఈ ఓడా నేనూ మీ సొత్తే." బాబాయి నసిగితే, "మీకు కష్టమైతే చెప్పండి, ఇంకొకరి చేత వేయిస్తాను" అని వెళ్ళిపోయారు.

పిన్ని ముఖం చిన్నబోయింది. "ఏమండీ, దాన్ని దించేయకండి" అంది.

"నా చేతిలో ఏముంది? నేను వెయ్యకపోతే ఇంకొకడు వేస్తాడు."

"పొద్దస్తమానం ఊరందరి ప్రయాణాలూ చెప్తాను. నేను ఎక్కడికైనా వెళ్ళానంటే ఈ బల్ల మీదేగా. ఆ ఓడ కూడా పోతే నాకేం మిగుల్తుంది?" అంది. డిపో మొత్తాన్ని అదరగొట్టే ఆ గొంతు పక్కనున్న నాకే సరిగా వినబడలేదు. నా మనసు చివుక్కుమంది. బాబాయి పెన్సిలు చెక్కుతూ కూర్చున్నాడు, వేలెడు ముక్క మిగిలేదాకా.

వెలుతురు బాగుంటుందని మర్నాడు అందరం డాబా ఎక్కాం. కెప్టెన్ వేషం మా కింది సెలూన్ ఆయనది. నిండైన మీసం ఉందన్న ఒక్క అర్హతతో ఆ పదవి ఆయనకు దక్కింది. ఆయన వెనక బట్టలు నానబెట్టిన పెద్ద తొట్టి ఉంది. నాకు మాత్రం ఆ రోజు ప్రాణం పోసి, ఏడ్చే నావికుడిగా ప్రమోషనిచ్చారు.

పిన్ని మోకరిల్లి, గొడుగు రెండు చేతులతో చాచి, తలెత్తి చూసింది. సెలూన్ ఆయన అడుగు వెనక్కి వేశాడు. "అక్కా, అలా చూడకండి. నేనే ఏదో తప్పు చేసినట్టుంది."

"నువ్వు లొంగిపోతున్నావు. కాస్త లొంగు!" అన్నాడు బాబాయి.

"లొంగుతూనే ఉన్నాగా!" అని అరిచింది పిన్ని.

"సరే, అయితే తల వంచెయ్."

పిన్ని వంచింది. డాబా గచ్చు మీద ఓ కన్నీటి బొట్టు పడటం నేను చూశాను. నావికుడి ఏడుపు కోసం నేను నటించనక్కర్లేకపోయింది.

సరిగ్గా అప్పుడు, ఎదురుగా వంచిన తల కనబడేసరికి, సెలూన్ ఆయన చేతులు వాటంతటవే లేచాయి. ఒక చెయ్యి నడినెత్తిన పెట్టి తలను పక్కకి తిప్పాడు. రెండో చేత్తో చెవి మడిచాడు. "వెనకాల పొట్టిగా చెయ్యమంటారా?" అన్నాడు.

పిన్ని గావుకేక పెట్టి దిగ్గున లేచింది. ఆయన బెదిరిపోయి వెనక్కి వెనక్కి నడిచి తొట్టిలో కూలబడ్డాడు. కాళ్ళు గాల్లో ఉన్నాయి, మీసం నిండా సబ్బు నురగ. పిన్ని చెంపల మీద తడి ఆరకుండానే, గొడుగు నేలకి ఆనించి పగలబడి నవ్వింది.

"కదలకండి! ఎవ్వరూ కదలకండి!" అని కేకపెట్టాడు బాబాయి.

"నీళ్ళు చల్లగా ఉన్నాయి సార్..."

"కెప్టెన్ మాట్లాడకూడదు!"

బాబాయి చెయ్యి అంత వేగంగా ఆడటం నేనెప్పుడూ చూడలేదు. పూర్తయ్యే వేళకి ఎడిటరుగారు రొప్పుకుంటూ వచ్చారు. ప్రెస్సులో ఆ ఒక్క పేజీ కోసమే మెషీను ఆపి కూర్చున్నారట. బొమ్మ చూసి ఆయన నోరు తెరిచారు. ఓడ అంచున రాణి విరగబడి నవ్వుతోంది. కెప్టెన్ సముద్రంలో తలకిందులుగా ఉన్నాడు.

"ఇదేమిటండీ?"

"నాకు కనిపించింది అదే. కనిపించందే నేను వెయ్యలేనని మీకు తెలుసుగా" అన్నాడు బాబాయి. జీవితంలో మొదటిసారి ఆ లోపాన్ని గర్వంగా చెప్పుకున్నాడు.

"మరి పెళ్ళి? పాఠకులంతా పెళ్ళి కోసం కాచుక్కూర్చున్నారమ్మా!" అని ఎడిటరుగారు పిన్ని వైపు తిరిగారు.

"చేసుకుంటుందండీ, ఎందుకు చేసుకోదూ?" అంది పిన్ని. "ముందు ఆయన్ని ఈత నేర్చుకుని రమ్మనండి. ఓడ ఇక్కడే ఉంటుంది."

ఎడిటరుగారు చెమట తుడుచుకున్నారు. నవ్వు ఆపుకోబోయి ఆపుకోలేకపోయారు. కలం తీసి తన "నాథా"ని కొట్టేసి, పిన్ని మాటను ఉన్నదున్నట్టు రాసుకున్నారు.

పత్రిక అచ్చయి వచ్చాక పిన్ని చివరి పేజీని తడిమి తడిమి చూసింది. కింద మూల 'సమాప్తం' అని రాయాల్సిన చోట బాబాయి ఏమీ రాయలేదు. అక్కడ కూడా సముద్రమే గీశాడు.