మట్టి అంటని గౌను

సంజీవమ్మక్క తెల్లనివన్నీ పాలు, నల్లనివన్నీ నీళ్లు అని నమ్మే మనిషి కాదు. పాలు పొంగితే ఎందుకు పొంగాయని, పొంగకపోతే ఎందుకు పొంగలేదని ఆలోచిస్తుంది. రాయచోటి దగ్గరి పల్లె నుంచి కువైట్‌కు వచ్చి పదకొండేళ్లయింది. ఇప్పుడు రుమైథియాలో నేను డ్రైవర్‌గా ఉన్న ఇంట్లోనే ఆమెకూ పని. నాది పీలేరు. ఆమె నన్ను గంగాధరా అంటుంది, నేను అక్కా అంటాను. ఆ ఇంట్లో తెలుగు తెలిసింది మేమిద్దరమే కాబట్టి ఆమె అనుమానాలన్నీ వినే భాగ్యం నాకొక్కడికే దక్కింది.

అనుమానాలకు కారణం లేకపోలేదు. అంతకుముందు ఆమె పనిచేసిన ఇంట్లో ఒక పండగనాడు పిల్లవాడు దానిమ్మ రసం తీసుకుని పరిగెత్తి తండ్రి తెల్లటి దిష్‌దాషా అంగీ మీద ఒలకబోశాడు. గ్లాసు చేతికిచ్చింది వాళ్లమ్మ. పరిగెత్తింది వాడు. ఖలాస్, ఇక నువ్వు పో అన్నది మాత్రం సంజీవమ్మక్కను. "ముల్లొచ్చి ఆకు మీద పడినా, ఆకొచ్చి ముల్లు మీద పడినా చినిగేది ఆకే గదప్పా" అంటుంది ఆ కథ ముగించినప్పుడల్లా. అప్పటినుంచి మరక కనబడితే ఆమెకు కాళ్లూ చేతులూ ఆడవు. తన బట్టల దగ్గరా అంతే. "నేను ఊర్నుంచి వచ్చిన పొద్దు కట్టుకున్న చీర పెట్టెలో ఉండాది సూడు. ఈ పొద్దుటికీ ఒక్క మరక లేదు" అని గొప్పగా చెప్పుకునేది.

అలాంటి మనిషికి దానాను అప్పగించింది మామా. మామా అంటే మా యజమానురాలు. పొద్దున ఆఫీసుకు వెళితే మధ్యాహ్నానికి గానీ రాదు. దానా ఆమె ఒక్కగానొక్క కూతురు, నాలుగేళ్లు ఇంకా నిండలేదు. విచిత్రమైన పిల్ల. చేతి మీద నీటిచుక్క పడినా ఏడుస్తుంది. అన్నంలో వేలు పెట్టదు, ఇసుకలో కాలు పెట్టదు. ఎక్కడ ఏమి అంటుకుంటుందోనని రెండు చేతులూ పైకెత్తి పట్టుకుని నడుస్తుంది.

చలికాలం మొదలైన రోజుల్లో మామా నన్ను కబ్ద్‌లో వాళ్ల నాన్న తోటకు పంపి బస్తాల కొద్దీ మట్టి తెప్పించింది. ఇంటి వెనక పెరట్లో కుప్ప పోయించి, పక్కన నీళ్ల పైపు, ఒక ప్లాస్టిక్ టబ్బు, నాలుగు పాత గిన్నెలు పెట్టించింది. సంజీవమ్మక్కను పిలిచి, "సంజీ, దానాను రోజూ ఇందులో ఆడనివ్వు. మట్టి పూసుకోనీ, నీళ్లు పోసుకోనీ. బట్టలు పాడైతే ఆదీ" అంది. ఆదీ అంటే ఇక్కడ ఏమీ పర్వాలేదని. ఎందుకు ఆడించాలో చెప్పలేదు. పనివాళ్లకు ఎందుకో చెప్పే అలవాటు ఈ ఇళ్లలో తక్కువ.

ఆ సాయంత్రం వంటింటి మెట్ల మీద సంజీవమ్మక్క వెల్లుల్లి ఒలుస్తూ గొంతు తగ్గించింది.

"బట్టలు పాడైనా పర్వాలేదని ఏ మామా అయినా అంటాదా గంగాధరా? దీంట్లో ఏదో ఉండాది."

"ఏముంటాదక్కా. బిడ్డ ఆడుకోవల్లని అంతే."

"నీకు తెలీదు, ఊరుకో. ఫిబ్రవరికి నా ఇఖామా అయిపోతాది. ఉంచుకోవల్లనా, పంపేయల్లనా అని సూస్తాండాది. ఆ మట్టి బిడ్డకు కాదు, నాకు."

ఇఖామా అంటే ఇక్కడ ఉండి పనిచేసుకోవడానికి అనుమతి కాగితం. అది రెన్యువల్ చేయకపోతే ఆమె ఊరికి పోవాల్సిందే. పోతే అక్కడ కూతురు మునిలక్ష్మి ఇంటర్ చదువు ఆగిపోతుంది. ఐదేళ్ల పిల్లను అవ్వ దగ్గర వదిలి వచ్చింది ఈమె. ఇన్నేళ్లూ నిలబడింది ఆ చదువు కోసమే.

మామా చెప్పింది చేయాలి, గౌనుకు మరక అంటకూడదు. పాము చావాలి, కర్ర విరగకూడదు. సంజీవమ్మక్క తన పాత నైటీ ఒకటి కత్తిరించి, రాత్రికి రాత్రి చేత్తో కుట్టేసి, మెడ నుంచి పాదాల దాకా వచ్చే సంచిలాంటి అంగీ ఒకటి తయారు చేసింది. ఊదా రంగు మీద పెద్ద పెద్ద పూలు. పొద్దున మామా కారు గేటు దాటగానే దానా ఒంటి మీది గౌను విప్పి, కవర్లో పెట్టి, పెరటి గోడకున్న మేకుకు తగిలించేది. పిల్లకు ఆ అంగీ తొడిగేది. మామా వచ్చే వేళకు స్నానం చేయించి, గోళ్ల సందులు చీపురుపుల్లతో తీసి, జుట్టు దువ్వి, మళ్లీ అదే గౌను తొడిగి హాల్లో కూర్చోబెట్టేది. మామాను దింపి నేను తిరిగి వచ్చేసరికి పిల్ల రోజూ ఆ అంగీ వేషంలో కనిపించేది. తెలివంటే ఇదేనని నేనే మెచ్చుకున్నాను.

దానా మాత్రం మొదట్లో మట్టి వైపే రాలేదు. గట్టు మీద చేతులెత్తుకుని నిలబడేది. సంజీవమ్మక్క రమ్మని పిలవలేదు. తానే కొంగు దోపుకుని కూర్చుని, మూడు రాళ్లు పెట్టి పొయ్యి చేసి, గిన్నెలో మట్టి పిసికి, గుండ్రంగా ముద్ద కట్టింది. "ఇది సంగటి. ఇది నంజుకునేదానికి ఊరుబిండి. ఎవరికి ఆకలైతాందో వాళ్లు రాండి" అని గాల్లోకి చెప్పింది. పిల్లకు తెలుగేం తెలుసు. కానీ చూసింది. కొన్నాళ్లకు ఒక వేలు ముట్టించి వెనక్కి లాక్కుంది. ఆ తర్వాత ముద్ద మీద అరచెయ్యి పెట్టింది. ఒకరోజు నేను కారు కడుగుతుంటే పెరట్లోంచి కేరింత వినిపించింది. వెళ్లి చూస్తే పిల్ల మోచేతుల దాకా బురదలో ఉంది. సంజీవమ్మక్క ముఖం చూస్తే ఇఖామా సంగతి కాసేపు మర్చిపోయినట్టే ఉంది.

మర్చిపోయేది మధ్యాహ్నం దాకానే. మామా రాగానే పిల్లను దగ్గరికి తీసుకుని గౌను అంచు తిరగేసి చూసేది. చేతులు చూసేది, గోళ్లు చూసేది. ఏమీ అనకుండా సంజీవమ్మక్క వైపు ఒకసారి చూసి లోపలికి వెళ్లిపోయేది.

"సూస్తివా? మరక ఎక్కడ దొరుకుతాదా అని వెతుకుతాండాది" అనేది అక్క నాతో.

నాకూ అలాగే అనిపించింది. అది చాలదన్నట్టు ఒకరోజు కారులో మామా తన చెల్లెలితో ఫోన్లో అన్న మాటలు నా చెవిన పడ్డాయి. "దానా బట్టలు రోజూ చూస్తున్నా. గోళ్లు కూడా చూస్తున్నా. ఈమె మీద నాకు నమ్మకం కుదరడం లేదు. ఇంకొన్నాళ్లు చూసి మక్తబ్‌కు తిప్పి పంపేస్తా." మక్తబ్ అంటే పనిమనుషులను తెచ్చి పెట్టే ఆఫీసు. అక్కడికి తిప్పి పంపడమంటే ఏమిటో మాకెవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఇంటికి రాగానే ఉన్నదున్నట్టు అక్కకు చెప్పేశాను.

"చెప్తిని గదా" అంది ఆమె. ముఖం నల్లబడింది. "యాడనో మరక మిగిలిండాది గంగాధరా. నా కంటికి ఆనలేదు గానీ ఆయమ్మకు కనబడిండాది."

ఆ రోజు నుంచి గౌనుకు రెండుసార్లు ఇస్త్రీ. సాక్సులు కొత్తవి. తలకు షాంపూ. బాత్రూమ్ మోరీలో మట్టి రేణువు కూడా మిగలకుండా కడిగేది. అసలు ఆటే మానిపించమని సలహా ఇచ్చాను. మానిపించింది కూడా, ఒక్క రోజు. దానా వెనక తలుపు దగ్గర కూర్చుని, తలుపు మీద అరచేతులతో కొడుతూ ఏడ్చింది. మట్టి అంటే పారిపోయిన పిల్ల మట్టి కోసం ఏడుస్తుంటే ఎవరు మాత్రం చూడగలరు. "పోతే పోనీలే నా ఇఖామా" అని తలుపు తీసింది అక్క.

ఆ వారంలోనే ఒక పొద్దున కారెక్కిన మామా ఎప్పటిలా ఫోన్ తీయలేదు.

"గంగాధర్, సంగటి అంటే ఏమిటి?" అని అడిగింది.

"మా ఊరి తిండి మామా. రాగిపిండితో ముద్ద చేస్తారు."

"రాత్రి దానా పళ్లెంలో చెయ్యి పెట్టింది. అన్నం పిసికి ముద్ద చేసి నాకు ఇచ్చింది. సంగటి అంది. ఎప్పుడూ అన్నం ముట్టుకోని పిల్ల. ఎక్కడ నేర్చుకుంది?"

"మట్టిలో ఆడేటప్పుడు సంజీ చేసి చూపిస్తుంది మామా."

"మట్టిలోనా? మట్టిలో ఆడితే గౌను అలా ఎలా ఉంటుంది? నాతో అబద్ధం చెప్పకు."

నైటీ సంగతి నోటి చివరిదాకా వచ్చింది. మింగేశాను. నువ్వు చెప్పిన మాట ఆమె వినలేదు, వేరే అంగీ వేస్తోంది అని చెప్పడం అక్క మెడకు ఉరి బిగించడమేనని నా అనుమానం. పదకొండేళ్లుగా ఈ దేశంలో నెగ్గుకొస్తున్న అక్క దగ్గర ఆ మాత్రం నేర్చుకోనా. "నాకు తెలియదు మామా" అన్నాను.

"కారు తిప్పు. ఇంటికి. యల్లా."

ఫోన్ నా పక్క సీటులోనే ఉంది. మామా నా వెనకే ఉంది. అక్కకు ఒక్క మాట చేరవేసే దారి లేదు. రుమైథియా చేరేదాకా నేను అద్దంలో మామా ముఖం చూస్తూనే ఉన్నా, ఏమీ అర్థం కాలేదు.

మామా ముందు తలుపు వైపు పోకుండా సందులోంచి నేరుగా పెరట్లోకి నడిచింది. వెనకే నేను. దానా టబ్బులో నిలబడి ఉంది, ఊదా పూల అంగీలో, జుట్టు నిండా బురదతో. మేకుకు ఇస్త్రీ గౌను వేలాడుతోంది. సంజీవమ్మక్క చేతిలో సగం కట్టిన మట్టిముద్ద. మామాను చూడగానే ఆ చెయ్యి వెనక దాచుకుంది. ఖలాస్ అనే మాట కోసం చూస్తున్నట్టు నిలబడిపోయింది.

దానా మాత్రం తల్లిని చూసి రెండు చేతులూ చాపి పరిగెత్తింది. మామా ఒంటి మీద మీగడ రంగు ఆఫీసు బట్టలు. సంజీవమ్మక్క ఏమీ ఆలోచించకుండా, అలవాటుకొద్దీ, మధ్యలోకి వచ్చి అడ్డం నిలబడింది. మామా ఆమె భుజం పట్టుకుని పక్కకు జరిపింది. కింద కూర్చుంది. పిల్ల వచ్చి మెడను కావలించుకుంది. రెండు బురద చేతులూ మామా చెంపల మీద, తల గుడ్డ మీద, ఆ మీగడ రంగు మీద పడ్డాయి. మామా కదల్లేదు. ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలియలేదు.

కాసేపటికి ఆ అంగీ కుట్లు పట్టి చూసింది. మేకు మీది గౌను చూసింది. అంతా అర్థమైంది.

"డాక్టర్ చెప్పింది, మట్టిలో ఆడించమని. దేన్నీ ముట్టుకోని పిల్ల కదా. రోజూ మరక కోసం వెతికాను సంజీ. ఒక్కటీ కనబడలేదు. గదిలో కూర్చోబెట్టి ఫోన్ చూపిస్తున్నావనుకున్నా" అంది. తర్వాత కొంచెం గట్టిగానే, "రేపటి నుంచి గౌనుతోనే ఆడించు. మరక చూస్తేనే నాకు నమ్మకం" అంది.

అరబ్బీలో సరేనని తల ఊపి, అక్క నా వైపు తిరిగి తెలుగులో, "ఆయమ్మ బట్టలు ఒక ఫోటో తీసి పెట్టుకో గంగాధరా. ఆ మరకలు నేను చేయలేదని రేపు చెప్పుకునేదానికి ఉంటాది" అంది. తీశాను. ఆ ఫోటో అవసరం రాలేదు. జనవరిలోనే మామా ఇఖామా రెన్యువల్ చేయించి, కొత్త గడువు తానే అక్కకు ఫోన్లో చూపించింది.

ఆ సాయంత్రం మెట్ల మీద నేను ఆటపట్టించాను. "ఏమక్కా, ఇప్పుడన్నా అనుమానం తీరిందా? ఇంకా దీంట్లో ఏదో ఉండాదా?"

నవ్వుతుందనుకున్నాను. ఆమె చేతిలో ఆరోజు దానా ఆడిన గౌను ఉంది. ముందు వైపంతా మట్టి. ఉతకడానికి తెచ్చి, ఉతక్కుండా పట్టుకుని కూర్చుంది.

"నేను ఊర్నుంచి వచ్చిన పొద్దు ఇంటి ముందర ఆటో నిలబడిండాది గంగాధరా" అంది. "మునిలక్ష్మి కాలవ కాడ బురదలో ఆడుకుంటాండాది. నేను పోతాండానని ఎవరో చెప్పినారు. చేతులు చాపుకోని పరిగెత్తుకుంటా వచ్చె. కొత్త చీర కట్టుకోనుంటి. మణికట్లు రెండూ పట్టుకోని దూరంగా నిలబెడ్తి. బిడ్డను ఎత్తుకోకుండానే ఆటో ఎక్కితి."

ఆమె గౌను మీద ఎండిన మట్టి చేతి గుర్తును వేలితో తడుముతూ ఉంది.

"ఆ చీర పెట్టెలోనే ఉండాది" అంది. "ఒక్క మరక లేదు."