మలుపులోనూ సూటిగా పోయిన బండి

ఆ వీధిలో ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు దాదాపు లేరు. అందరికీ ఆయన సూటిగారే. కార్ల చక్రాలు సరిచేసే షెడ్డు ఆయనది. ఓ పక్కకు లాగేస్తున్న కారు ఏదొచ్చినా ర్యాంపు ఎక్కించి, కింద దూరి, స్టీరింగును చక్రాలకు కలిపే టై రాడ్లను అటోసారి ఇటోసారి తిప్పి, "ఇక చూస్కోండి, చేతులు వదిలేసినా సూటిగా పోతుంది" అని పంపేవాడు. ఆ మాటే చివరికి పేరై కూర్చుంది.

పని నేర్చుకున్నది మేనమామ దగ్గర. అప్పట్లో యంత్రాల్లేవు. చక్రాల పక్కన దారం లాగి కట్టి, ఒంటికన్ను మూసుకుని చూసి, వంకర ఎక్కడుందో పట్టుకోవాలి. మేనమామ మెచ్చుకోవడమంటే తిట్టకుండా ఊరుకోవడమే. ఆ లెక్కన సూటిగారు ఎన్నోసార్లు మెప్పు పొందాడు. తర్వాత సొంత షెడ్డు పెట్టుకున్నాడు, పెళ్ళయింది, ఫోన్లూ కస్టమర్లతో మాటలూ భార్య చేతికి వెళ్ళాయి. జీవితం మొత్తం మీద ఓ వంకర బండిని చూసి తెల్లమొహం వేసిన సందర్భం లేదని ఆయన గట్టి నమ్మకం. పక్కవాళ్ళు అడగకపోయినా ఆ నమ్మకాన్ని పంచేవాడు.

ఆయన్ని రిమోటు కార్ల పిచ్చిలోకి దింపింది బావమరిది. అతనికి ఫొటో స్టూడియో ఉంది. ఆదివారం పొద్దున స్టూడియోకి తాళం వేసి ఊరి చివరి ఖాళీ మైదానానికి పోయేవాడు. అక్కడ తిరిగేవి అరచేతిలో పట్టే ఆటబొమ్మలు కావు. పెట్రోలు పోస్తే నడిచేవి, ఎత్తుకుంటే ఏడాది పిల్లాడంత బరువుండేవి. బావమరిది కొత్త బండి కొనుక్కుని, పాతదాన్ని తెచ్చి బావ చేతిలో పెట్టాడు.

"ఈ వయసులో నాకు బొమ్మకారేంట్రా?" అన్నాడు సూటిగారు. మరుసటి ఆదివారం బావమరిది కన్నా ముందే మైదానంలో ఉన్నాడు.

కొన్నాళ్ళు బాగానే గడిచింది, అప్పుడప్పుడు గోడకు గుద్దుకున్నా అది పాత బండి వంకరేనన్నాడాయన. ఓ రోజు బండి స్టీరింగు తిరగడం మానేసింది. లోపలి సర్వో పోయిందన్నాడు బావమరిది. సర్వో అంటే రిమోటు చెప్పింది విని చక్రాలను తిప్పే మోటారు పెట్టె. దాని తల మీద సన్నటి పళ్ళుంటాయి. ఆ పళ్ళ మీద చిన్న చెయ్యిలాంటి ముక్క బిగిస్తారు. ఆ చెయ్యి ఎటు ఊగితే చక్రాలు అటు.

"కొత్తది తెప్పించా బావా. సాయంత్రం వచ్చి నేను బిగించి పెడతాను."

"నువ్వా? నాకా? ఊళ్ళో సగం కార్ల స్టీరింగులు నా చేతి మీదుగా పోయాయి. నువ్వెళ్ళి ఫొటోలు తీసుకో."

ఇంట్లో భోజనాల బల్ల మీద పాత పేపర్లు పరిచి సూటిగారు పనికి కూర్చున్నాడు. చక్రాలను చేత్తో తిన్నగా పట్టుకుని, సర్వో తల మీద ఆ చెయ్యిని నొక్కి, మర బిగించి, అప్పుడు స్విచ్చి వేశాడు. చక్రాలు ఒక్క ఉలికిపాటుతో ఎడమకు తిరిగి, ఎవరి మీదో అలిగినట్టు అలాగే ఉండిపోయాయి.

"కొత్త కదా, బెదురు" అనుకున్నాడాయన.

రిమోటు మీద ట్రిమ్ అనే చిన్న మీట ఉంటుంది, కొద్దిపాటి తేడాలు సర్దుకోవడానికి. దాన్ని చివరికంటా తిప్పేశాడు. చక్రాలు కొంచెం దిగొచ్చాయి కానీ పూర్తిగా మాట వినలేదు. ఇక ఆయనకు పౌరుషం వచ్చింది. స్పానరు తీసి, తనకు బాగా తెలిసిన చోట చెయ్యి పెట్టాడు. ఒక టై రాడ్డును పొడుగు చేశాడు, రెండోదాన్ని పొట్టి చేశాడు. చక్రాలు తిన్నగా నిలబడ్డాయి.

"అలైన్‌మెంటంటే ఇదీ!" అన్నాడు బల్లతో.

ఆదివారం మైదానంలో జనం బాగానే ఉన్నారు. బండి బయల్దేరింది. నిజంగానే గీత గీసినట్టు పోయింది. మొదటి మలుపు ఎడమకు. సూటిగారు రిమోటు మీది చిన్న స్టీరింగు చక్రాన్ని ఎడమకు తిప్పాడు. లోపల సర్వో తుమ్మెదలా గుయ్యిమంది తప్ప బండి తిరగలేదు. మలుపు దాటి, గడ్డి దాటి, మడతకుర్చీలో కూర్చుని బిస్కెట్టు తింటున్న బావమరిది వైపు అదే గీత మీద పోయింది. అతను కాళ్ళు పైకెత్తుకున్నాడు. కుర్చీకి కాళ్ళెత్తే వీలు లేదు కాబట్టి అది కూలింది.

"సూటిగారూ, మీ బండి భలే సూటిగా పోతోందండీ, మలుపులో కూడా!" అని ఎవరో అరిచారు. మైదానమంతా నవ్వింది.

మళ్ళీ ప్రయత్నిస్తే, కుడికి మాత్రం అవసరానికి మించి తిరిగింది. అలా కుడికే తిప్పుకుంటూ ఒక మలుపు దాటడానికి మూడొంతుల సున్నా చుట్టాడాయన. నేల వాలుగా ఉందన్నాడు. టైర్లలో గాలి తేడా అన్నాడు. చివరికి ఎండ కళ్ళలో పడుతోందన్నాడు. అప్పుడు ఆకాశమంతా మబ్బు.

ఇంటికొచ్చి బండిని బల్ల మీద పెట్టుకుని దాని మొహంలోకి చూస్తూ కూర్చున్నాడు. ఎప్పుడూ తన ముందు కస్టమర్లు పెట్టే మొహం ఇప్పుడు తనకొచ్చిందని తెలిసి మరీ చిన్నబోయాడు. భార్య చేతులు తుడుచుకుంటూ వచ్చి వంగి చూసింది.

"ఏవండీ, ఈ రాడ్డు పొడుగు, ఆ రాడ్డు పొట్టి ఉన్నాయేంటి?"

"అది నీకర్థం కాదులే. సరిచేశాను."

"స్టీరింగు మధ్యలో పెట్టాకే చేశారా?"

"దేన్ని?"

"షెడ్డులో కారు ఎక్కించగానే ముందు స్టీరింగు మధ్యకు తెచ్చి, కదలకుండా బిగింపు పెడతారు కదా. ఆ తర్వాతే కదా చక్రాలు ముట్టుకునేది. అది చెయ్యకుండా చక్రాలు సరిచెయ్యడమంటే, తల పక్కకు వాల్చుకుని పాపిడి తీసుకోవడమేనని వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్తారు. కౌంటర్లో కూర్చుని వినీ వినీ నాకు నోటికొచ్చేసింది."

సూటిగారు బండిని తన వైపుకు తిప్పుకుని రాడ్లను మరోసారి చూశాడు.

"ఇది బొమ్మ కదే..." అన్నాడు నీరసంగా.

"బొమ్మకు మధ్య ఉండదా?"

ఆయన నవ్వాడు. మొదట ముక్కుతో, తర్వాత పొట్ట పట్టుకుని. "మా మావయ్య ఉండుంటే ఇవాళ మాత్రం ఊరుకునేవాడు కాదు" అని తలమీద తనే ఒక మొట్టికాయ వేసుకున్నాడు. మేనమామ వాటా అది.

ఈసారి మొదటినుంచీ మొదలుపెట్టాడు. మర విప్పి సర్వో తల మీదనుంచి ఆ చెయ్యిని పీకేశాడు. రిమోటు మీద ట్రిమ్‌ను నడిమికి తెచ్చాడు. ముందు రిమోటు, తర్వాత బండి స్విచ్చి వేశాడు. బరువేమీ లేని సర్వో తల చిన్నగా తిరిగి, తన మధ్య తను వెతుక్కుని ఆగింది. అది ఆగాక, తిరగనివ్వకుండా చెయ్యిని తిన్నగా దించాడు. సరిగ్గా నిటారుగా కూర్చోలేదు, పళ్ళు ఒప్పుకోలేదు. ఒక పన్ను ఇటు జరిపితే దగ్గరకొచ్చింది. మిగిలిన వెంట్రుకవాసి తేడాకు మాత్రం ట్రిమ్ వాడాడు. అది ఉన్నది అందుకేనని అప్పుడు ఒప్పుకున్నాడు. రెండు టై రాడ్లనూ సమానం చేశాడు. చివరగా చక్రాలు రెండు వైపులా ఒకేలా తిరిగి, సర్వో గుయ్యిమనకముందే ఆగేలా రిమోటులో హద్దులు పెట్టాడు. భార్య టార్చి పట్టుకుంది. మధ్యమధ్యలో "బిగింపు పెట్టారా?" అని అడిగింది, కావాలనే.

తర్వాతి ఆదివారం ఆవిడ కూడా వచ్చింది. బండి తిన్నగా పోయింది, ఎడమకు తిరిగింది, కుడికి తిరిగింది. బావమరిది కొత్త కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాడు. సూటిగారు మీసం దువ్వుకోబోయే లోపల బండి అవతలి చివర తిరిగి ఆయన వైపు రావడం మొదలుపెట్టింది. ఎదురుగా వచ్చే బండికి మన కుడి దాని ఎడమ అవుతుంది. ఇంతకాలం బండి వంకర చాటున దాక్కున్న ఆ సంగతి ఇప్పుడు బయటపడింది. ఆయన కుడికి తిప్పాడు. బండి బుద్ధిగా తన కుడికి తిరిగి పాత టైర్ల గోడకు గుద్దుకుంది. మళ్ళీ లేపి పంపితే మళ్ళీ అదే గోడ.

బావమరిది పరిగెత్తుకెళ్ళి బండిని తిరగేసి చూశాడు. "బావా, బండికేం లేదు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి."

"అదేరా నా ఏడుపు. పోయినవారమే నయం, తిట్టడానికి సర్వో అయినా ఉండేది."

"ఇలా ఇవ్వండి" అని భార్య రిమోటు అందుకుంది. బండి ఎదురొస్తుంటే, తన కుడీ దాని కుడీ ఒకటయ్యేలా వీపు దానివైపు తిప్పి, భుజం మీదుగా వెనక్కి చూస్తూ నడిపింది. చూసేవాళ్ళకు నవ్వొచ్చింది కానీ, బండి మాత్రం గోడను తప్పుకుని ఇవతలికి వచ్చేసింది. రెండో చుట్టులో బోల్తా పడింది.

అప్పట్నుంచీ ఆదివారాలు ఆవిడ నడుపుతుంది. సూటిగారు టోపీ పెట్టుకుని మలుపు దగ్గర నిలబడతాడు, ఎవరి బండి తిరగబడినా లేపి నిలబెట్టడానికి. ఈ పనిలో తనంత వాడు లేడని ఆయనే చెప్పుకుంటాడు. పొట్ట కాస్త అడ్డమొచ్చినా వంగుతాడు, లేపుతాడు, బండి తన కాళ్ళ మధ్యనుంచి పోతుంటే గంతేస్తాడు.

"ఏవండీ, తొందరగా! వెనకాల మా తమ్ముడి బండి వచ్చేస్తోంది!" అని ఆవిడ అరుస్తుంది.

"వస్తున్నానే బాబూ, వస్తున్నా" అంటూ ఆయన దుమ్ములోంచి పరిగెత్తుతాడు.