నూట డెబ్బై అయిదు గ్రాములు

రాయచూరు దగ్గర శక్తినగర్ కాలనీలో మావారిని పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. ‘ప్లేట్ల సారు’ అంటే పాలవాడు కూడా అడిగినవాళ్ళని సరిగ్గా మా క్వార్టర్ ముందుకు తెచ్చి దింపుతాడు. నన్ను ‘ప్లేట్ల సారు మేడమ్’ అంటారు. ముప్ఫై ఏళ్ళుగా విద్యుత్ కేంద్రం నీళ్ళ ల్యాబులో కెమిస్టుగా చేస్తున్నదానికి దక్కిన బిరుదు అది. మొదట్లో ఒళ్ళు మండేది. తరవాత ఆ పేరుతో పిలిస్తేనే వెనక్కి తిరిగి చూడడం అలవాటైపోయింది.

ఆ పేరుకు కారణం డిస్క్ గోల్ఫ్ అనే ఆట. మావారు బొగ్గు వ్యాగన్లు దింపించే విభాగంలో పనిచేసే రోజుల్లో, ఏదో యంత్రం బిగించడానికి వచ్చిన ఒక ఇంజినీరు కొన్ని నెలలు ఇక్కడ ఉన్నాడు. సాయంత్రం పూట తోచక మావారికి ఈ ఆట నేర్పాడు. వెళ్ళిపోతూ తన మూడు ప్లాస్టిక్ డిస్కులూ ఇచ్చి పోయాడు. గోల్ఫ్‌లో బంతిని కర్రతో కొట్టి గుంతలో వేస్తారు కదా, ఇందులో డిస్కును చేత్తో విసిరి, పైన గొలుసులు వేలాడే బుట్టలో వేయాలి. ఎంత తక్కువ విసుర్లలో వేస్తే అంత గొప్ప. దగ్గరికి ఒక డిస్కు, మధ్య దూరానికి ఒకటి, అన్నిటికంటే దూరం పోయేది ఒకటి. ఆ దూరం పోయేదాన్ని డ్రైవర్ అంటారు. మావారు పాత సైకిల్ రిమ్ములూ గొలుసు ముక్కలూ పోగేసి, తెలిసిన వెల్డరు చేత అతికించి, క్వార్టర్ల వెనక ఖాళీ జాగాలో ఒక బుట్ట నిలబెట్టారు. ‘పెద్దవాళ్ళు ప్లేట్లు విసురుకోవడమేమిటండీ, నవ్విపోతారు’ అని నేను అన్నాను. నిజంగానే నవ్వారు. ఆయన కూడా వాళ్ళతో కలిసి నవ్వి, మర్నాడు మళ్ళీ వెళ్ళి విసిరారు.

మూడింటిలో ఆయన ప్రాణమంతా డ్రైవర్ మీదే. ఎర్రది. స్తంభాలకూ రాళ్ళకూ తగిలి తగిలి అంచంతా చెక్కుకుపోయింది, రంగు వెలిసి పాత ఇటుకలా అయింది. అయినా ఆయన చేతిలోంచి వెళ్తే గీత గీసినట్టు పోయేది. నేను ఒక్కసారి కూడా విసరలేదు. పక్కన నిలబడి లెక్క చెప్పడం నా పని. ఒకటి తగ్గించి చెప్పమని ఆయన బతిమాలేవారు. నేను తగ్గించేదాన్ని కాదు.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. మావారిది రాయచూరు గంజ్ దగ్గర కిరాణా కొట్టు పెట్టుకున్న తెలుగు కుటుంబం. చిన్నప్పటినుంచీ చింతపండూ జీలకర్రా పొట్లాలు కట్టిన చెయ్యి. ఏ వస్తువైనా అరచేతిలో రెండుసార్లు ఎగరేసి బరువు చెప్పేసేవారు. సంతలో కూరగాయలమ్మి తూచకముందే ఈయన చెప్పేవారు, తూచాక ఆవిడ ముక్కున వేలేసుకునేది. డిస్కుల అడుగున బరువు పెన్నుతో రాసి ఉంటుంది. ఆ ఇంజినీరు ఎర్ర డ్రైవర్ ఇచ్చినప్పుడు కూడా తిప్పి చూడకుండానే ‘నూట డెబ్బై అయిదు’ అన్నారట. అడుగున అదే ఉందట. ఆ కథ ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

రిటైరైన ఏడాదికి ఆయన కుడిచెయ్యి వణకడం మొదలైంది. ముందు పేపరు అంచు కదిలేది. తరవాత కాఫీ గ్లాసు. రాయచూరులో చూసిన డాక్టరు పార్కిన్సన్ అన్నారు. కండరాలు బిగుసుకుపోతాయని, ఎంత కదిలిస్తే అంత మంచిదని, ఏదైనా ఆట ఆడే అలవాటుంటే మానొద్దని చెప్పారు. మావారి ముఖం వెలిగిపోయింది. ‘విన్నవా? డాక్టరే చెప్పిండు. ఇగ నన్ను ఆపొద్దు’ అన్నారు. ఆ రోజు ఆయన్ని ఆపే ఉద్దేశం నాకు ఎంతమాత్రం లేదు.

మూడు నెలల కిందట ఒక సాయంత్రం ఆయన విసిరిన ఎర్ర డ్రైవర్ కుడివైపుకు పోయింది. చెయ్యి వదలవలసిన క్షణంలో వేళ్ళు వదల్లేదు, ఒక్క రవ్వ ఆలస్యంగా వదిలాయి. నేను పక్కనే ఉండి చూశాను. కంచె దాటి, బళ్ళారి జాలి అని ఇక్కడివాళ్ళు పిలిచే ముళ్ళ చెట్ల మీదుగా వెళ్ళి, కృష్ణ వైపు పోయే వాగులో ఎక్కడో పడింది. పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలంటారు, ఆ చోటు ఏదో తెలిస్తే కదా. నాలుగు సాయంత్రాలు వెతికాం. ఆయన మోచేతులంతా ముళ్ళు గీరుకుపోయాయి. నేను మందు రాస్తుంటే ఆయన నా ముఖం చూడలేదు.

“ఎన్నడు గిట్ల పోలే అది” అన్నారు.

“గాలి ఉందండీ ఆ రోజు” అన్నాను. ఆ రోజు ఆకు కూడా కదల్లేదు.

అయిదో రోజు ఆయన బయలుదేరలేదు. తక్కిన రెండు డిస్కులూ ఉన్నాయి కదా, వాటితో ఆడండి అంటే, “డ్రైవర్ లేకుంటే ఏం ఆట? ఇంట్ల కూసుంటా” అన్నారు. కూర్చున్నారు. పది రోజులు అలా కుర్చీలోనే ఉండేసరికి లేచేటప్పుడు నా భుజం పట్టుకోవలసి వచ్చింది. నాకు భయం వేసింది. ఇంట్లో ఆ కుర్చీని తీసి అవతల పారేయాలన్నంత కోపం వచ్చింది. కుర్చీ ఏం చేసింది పాపం.

“కొత్తది తెప్పిద్దాం” అన్నాను.

“తెప్పిస్తే గదే తెప్పియ్యి. గదే మోడలు, గదే ఎరుపు, గదే బరువు. నూట డెబ్బై అయిదు. వేరేది ముట్ట” అన్నారు.

బెంగళూరులో ఇవి అమ్మేవాళ్ళ నంబరు ఫోనులో వెతికి పట్టుకున్నాను. ఒక్కో డిస్కుకూ నాలుగు అంకెలున్నాయి. ఎంత వేగం కావాలి, గాలిలో ఎంతసేపు నిలుస్తుంది, ముందు కుడికి ఎంత తిరుగుతుంది, చివర ఎడమకు ఎంత వాలుతుంది. అంకెలంటే నాకు అలవాటే. కానీ ఫోనెత్తిన అబ్బాయి కన్నడంలో మొదటి మాటే, “సారు చెయ్యి ఎంత వేగం మేడమ్?” అని అడిగాడు. చొక్కా బొత్తాలు పెట్టుకోవడానికి పావుగంట పట్టే చెయ్యి అని ఎలా చెప్పను? జబ్బు సంగతి చెప్పాను.

అతను నెమ్మదిగా విడమరిచాడు. నేనడిగిన బరువు డిస్కును నెమ్మది చెయ్యి విసిరితే నాలుగు బారలు పోయి ఎడమకు కూలిపోతుందట. పైగా పాతది ఏళ్ళ తరబడి దెబ్బలు తిని తిని సారు చేతికి లొంగింది, కొత్తది అదే మోడలైనా అలా పోదు, ఆ లొంగుబాటు మేం అమ్మలేం మేడమ్ అన్నాడు. అదే మోడల్లో ఎర్రది నూట యాభై గ్రాములది ఉంది, తీసుకోండి, హాయిగా పోతుంది అన్నాడు.

రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. ఆయన అడిగింది తెప్పిస్తే మొదటి విసురుకే కూలుతుంది, మళ్ళీ ఆ కుర్చీ. తేలికది తెప్పించి ఇదే మీకు మంచిదండీ అని చెబితే, నన్ను రోగి అన్నావని ఇల్లంతా మౌనంతో నింపేస్తారు, అది నాకు కొత్త కాదు. చివరికి నూట యాభైది తెప్పించాను. ల్యాబు అడ్రసుకు.

మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్ళాక పార్సిల్ విప్పాను. అడుగున నల్ల పెన్నుతో 150 అని ఉంది. దూదికి స్పిరిట్ అద్ది తుడిచాను. బాయిలర్‌కు వెళ్ళే నీళ్ళ రీడింగు ఒక్క పిసరు అటూ ఇటూ రాయమన్నా పైఅధికారి మొహం మీదే కుదరదని చెప్పినదాన్ని. ‘ఒక్క పాయింటు దిద్దండి మేడమ్, ఏమవుతుంది’ అన్నవాళ్ళతో నెలల తరబడి మాట్లాడనిదాన్ని. ఆ ల్యాబు బల్ల దగ్గరే కూర్చుని, అదే పెన్ను రంగుతో, అదే వాలుతో 175 అని రాశాను. నా చెయ్యి ఏమాత్రం వణకలేదు. అది చూసి ఏడుపు ఆగలేదు. వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్ళి చేయమన్నారు. ఒక ప్లేటు కోసం ఎన్ని ఆడొచ్చో పెద్దలు చెప్పలేదు.

సాయంత్రం తెచ్చి ఇచ్చాను. అప్పటికి నాకు తెలిసిపోయింది, ఆయన పట్టేస్తారని. ఇరవై అయిదు గ్రాముల తేడా ఆ అరచేతికి ఒక లెక్కా? నిజం చెప్పాలంటే పట్టేయాలనే నా కోరిక. తిట్టనీ, నెల రోజులు మాట్లాడకుండా ఉండనీ, ఆ చెయ్యి ఇంకా ఆ చెయ్యేనని తెలిస్తే చాలు అనుకున్నాను. ఆయన కవరు తీశారు. తిప్పి చూడకుండా, ఎప్పటిలాగే అరచేతిలో రెండుసార్లు ఎగరేశారు.

“నూట డెబ్బై అయిదు. బరోబ్బరు” అన్నారు. అప్పుడు తిప్పి అంకె చూసి, “చూసినవా?” అని నా వైపు గెలిచినట్టు చూశారు.

“ఎందుకు తెలియదండీ మీకు” అన్నాను.

వెంటనే చెప్పులేసుకుని బయలుదేరారు. బుట్టకు దూరంగా, మామూలుగా నిలబడే చోట నిలబడి విసిరారు. ఆ అబ్బాయి చెప్పినట్టే అది హాయిగా, తిన్నగా పోయింది. ఏడాదిగా ఆయన అంత దూరం విసరడం నేను చూడలేదు. మేడల మీద బట్టలు తీసుకునే ఆడవాళ్ళు కూడా చూశారు.

“చెయ్యి పోలే. చెయ్యి మంచిగనే ఉంది. ప్లేటే పాతదైపోయింది, గంతే” అన్నారు.

నేను నవ్వాను, లెక్క చెప్పాను.

ఆయనకు తెలిసీ నా కోసం తెలియనట్టు ఉన్నారేమో అని ఆ వారమంతా ఆశపడ్డాను. మా ఇద్దరికీ అది తప్ప వేరే అలవాటు లేదు, ఒకరి దగ్గర ఒకరం దాచుకోవడం. ఆదివారం సంతలో ఆ ఆశ కూడా పోయింది. బెండకాయలు చేతిలోకి తీసుకుని రెండుసార్లు ఎగరేసి, “ముప్పావు కిలో” అన్నారు ధీమాగా. కూరగాయలమ్మి తక్కెట్లో వేసింది. అర్ధకిలో రాయి వైపే పళ్ళెం కిందికి ఉంది. ఆవిడ ఒకసారి ఆయన్ని చూసి, ఒకసారి నన్ను చూసింది. గుప్పెళ్ళతో ఇంకొన్ని బెండకాయలు తీసి, “ఇర్లి బిడ్రి సార్, సరియాగే హేళిదిరి” అని సంచిలో పోసింది. ఉండనివ్వండి సార్, సరిగ్గానే చెప్పారు అని. ఇన్నేళ్ళలో ఒక్క కాయ కొసరు వేసి ఎరగదు ఆవిడ. మావారు సంచి అందుకుని నవ్వుతూ ముందుకు నడిచారు. నేను ఆవిడ ముఖం చూడలేక చిల్లర కూడా తీసుకోకుండా వచ్చేశాను.

ఆ సాయంత్రం మళ్ళీ జాగాకు వెళ్ళాం. ఆయన అయిదారుసార్లు విసిరారు, నేను పరిగెత్తి తెచ్చి ఇచ్చాను. ఎండ తగ్గింది. ఆయన మంచి హుషారుగా ఉన్నారు. ఇంకోసారి తెచ్చి చేతికి ఇవ్వబోతే తీసుకోలేదు.

“ఇన్నేండ్లాయె, నువ్వెన్నడన్న వేసినవా? ఇయ్యాల నువ్వు వెయ్యి” అన్నారు.

నా వెనక నిలబడి, నా వేళ్ళు అంచు లోపలికి మడిచి, బొటనవేలు పైన పెట్టారు. ఆయన చెయ్యి నా చేతి మీద వణుకుతోంది. డిస్కు కూడా వణుకుతోంది. విసరమంటారని చూస్తున్నాను. ఆయన ఏదో ఆలోచించి నా చెయ్యి దించేశారు.

“వద్దు, ఆగు. గిది నీకు బరువైతది. భుజం పట్టేస్తది” అన్నారు. “నీకు తేలికది ఒకటి తెప్పిద్దం. గా పిలగానికి ఫోన్ చెయ్యి, నూట యాభైది ఉంటే పంపమను.”

“సరేనండీ, నాకు తేలికదే తెప్పించుకుందాం” అన్నాను.