మోచేతి క్లిప్పులు

ప్రతి నాగరికతా ఏదో ఒక లిపితో మొదలవుతుందంటారు. మా టైలరమ్మ నాగరికత బట్టల క్లిప్పులతో మొదలైంది. మొగుడి మంచం పక్కన ఒక తీగ. తీగకు ఎడమ కొసన పది క్లిప్పులు. పక్షవాతంతో చచ్చుబడ్డ ఆయన కుడిచేతిని రెండు చేతులా పట్టుకుని ఒక్కో వ్యాయామం చేయించడం, మోచేత్తో ఒక్కో క్లిప్పును కుడివైపుకు నెట్టడం. పదీ అటు చేరితే ఆ పూట చరిత్ర సంపూర్ణం. పద్నాలుగు నెలలుగా ఈ శాసనంలో అక్షరం పొల్లుపోలేదు.

ఇంతలో, వారానికోసారి ఫిజియోథెరపిస్టును పంపే ఆరోగ్య సంస్థవారికి ఆమె మీద జాలి కలిగింది. రోగిని చూసుకునేవాళ్ల భారం తగ్గించే ఆప్ తయారుచేస్తామని డిజైనర్లు వచ్చి గదంతా ఫొటోలు తీశారు. అడ్డొస్తోందని ఆ తీగను మాత్రం పక్కకు తోశారు. తయారైన ఆప్‌కు ఒకటే నియమం: వ్యాయామం జరుగుతున్నంతసేపూ పచ్చ బటన్ నొక్కి పట్టుకోవాలి. లేదంటే, చేయనట్టే.

మూడు వారాలకు మెసేజ్ వచ్చింది. "మీ శ్రద్ధ: సున్నా శాతం. వచ్చే మంగళవారం నుంచి ఫిజియోథెరపిస్టు రారు." కింద నవ్వుతున్న పసుపు బొమ్మ. మొగుడి చూపుడువేలు మొదటిసారి కదిలి అప్పటికి నాలుగు రోజులే.

టైలరమ్మ కత్తెర కింద పెట్టి నేరుగా సంస్థ ఆఫీసుకు వెళ్లింది.

"సున్నానా నేను?"

"మేమేం చేస్తాం అక్కా, సిస్టమ్ అలా చూపిస్తోంది" అంది డిజైనరమ్మాయి.

"నీ సిస్టమ్‌కి చేతులెన్ని తల్లీ? నాకు రెండే!"

గొడవ విని డైరెక్టరుగారు బయటికొచ్చారు. టైలరమ్మ సోఫా చూపించింది.

"పడుకోండి సార్. కుడిచెయ్యి వదిలేయండి. ఇంత జీతం తీసుకుంటూ ఆ మాత్రం చచ్చుబడలేరా?"

ఆయన హోదాకు భంగం రాకుండా పడుకున్నారు. డిజైనరమ్మాయి ఆ చేతిని రెండు చేతులా పైకెత్తింది.

"ఊఁ, ఇప్పుడు నొక్కు బటను."

అమ్మాయి ఒక చెయ్యి తీసింది. డైరెక్టరుగారి చెయ్యి జారి ఆయన ముక్కు మీదే పడింది.

"అబ్బా!"

"మా ఆయన ఆ మాట కూడా అనలేడు సార్" అంది టైలరమ్మ.

ముక్కు విషయమై అత్యవసర సమావేశం జరిగింది, ఏకగ్రీవంగా తీర్మానం జరిగింది, ఫిజియోథెరపీ కొనసాగింది. డిజైనరమ్మాయి మళ్లీ ఇంటికొచ్చి, ఈసారి తీగ ఎత్తు టేపుతో కొలుచుకుంది. మోచేత్తో నొక్కే పెద్ద మీట ఒకటి తయారుచేస్తారట.

మంగళవారం ఫిజియోథెరపిస్టు వచ్చాడు. ఆప్‌లో చూద్దామంటే ఫోనులో చార్జింగు లేదు. తీగ మీది క్లిప్పులు లెక్కపెట్టుకుని పనిలో దిగాడు.