ఇన్‌కమింగ్ ఫ్రీ, మేడమ్!

ఒక్క ఇంగ్లీషు మాటకు అర్థం తెలియక, ఆరుగురు విదేశీయులను ఎల్బీ నగర్ చౌరస్తాలో ట్రాలీ ఆటో ఎక్కించిన మనిషి ఈ హైదరాబాదు మొత్తానికి ఒక్కతే ఉంది. అది నేనే. నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేసుకోండి. ఆఖర్న నవ్వే వంతు నాది, ముందే చెబుతున్నాను.

అప్పట్లో కొత్తపేటలో ఒక టిఫిన్ సెంటర్ పైన నాకో చిన్న శిక్షణ కేంద్రం ఉండేది. ఆడపిల్లలకు మొబైల్ రిపేరు నేర్పేదాన్ని. పక్కనే దిల్‌సుఖ్‌నగర్‌లో దొరకని కోచింగు లేదు. బ్యాంకు పరీక్షకుంది, పోలీసు ఉద్యోగానికుంది, ఏ కోచింగులో చేరాలో చెప్పే కోచింగు కూడా ఉండే ఉంటుంది. ఆడపిల్ల చేతికి స్క్రూడ్రైవర్ ఇచ్చేది మాత్రం నేనొక్కదాన్నే. ఆ గర్వం నాకు కాస్త ఎక్కువే. ఇప్పటికీ తగ్గలేదు, తగ్గించుకునే ఉద్దేశమూ లేదు.

నా దగ్గర నేర్చుకున్నవాళ్ళలో గట్టి పిల్ల స్వప్న. పోచంపల్లి నేత కుటుంబం. వాళ్ళన్నకు బట్టల దుకాణం ఉంది. "రిపేర్లు చాలు, దసరా నుంచి దుకాణంల కూసో" అని ఆయన తేల్చేశాడు. ఏదైనా పెద్ద అవకాశం చూపిస్తే తప్ప ఆ పిల్ల చెయ్యి జారిపోతుందని నాకు ఒకటే బెంగ.

అలాంటి రోజుల్లో స్వప్నే తన ఫోన్లో ఒక ప్రకటన చూపించింది.

"అక్కా, గిది జర సూడు. బయటి దేశపోళ్లు పైసలిస్తరంట. యూత్ మొబిలిటీ అంట. ఏందది?"

"ఏందేందే? మనదే! యూత్ మీరు, మొబైల్ మన పని. మిగిలిన ఆ 'ఇటీ' ఏదో ఉంటే వాళ్లే పంపిస్తరు."

మా బిల్డింగు ఓనరు సుబ్బారావు గారు మెట్ల మీద నుంచి ఇదంతా విన్నారు. గుంటూరు నుంచి వచ్చి స్థిరపడ్డ రిటైర్డ్ ఇంగ్లీషు లెక్చరర్.

"ఏమ్మా, ఒకసారి నాకు చూపించొచ్చుగా? ఇంగ్లీషు రాకుండా ఫారిన్ వాళ్ళతో పెట్టుకుంటే కొంప మునుగుద్ది."

"సార్, ఇంగ్లీషు మీకెరుక, మొబైల్ నాకెరుక. గిది మొబైల్ ముచ్చట."

మీరే చెప్పండి, అందులో తప్పేముంది?

దరఖాస్తు పెట్టాం. కొన్నాళ్ళకు వీడియో కాల్ వచ్చింది. అటువైపు మార్తా అనే ఆవిడ, అక్కడి శిక్షణ పాఠశాలలో టీచరు. ఎర్రటి బుగ్గలు, మంచి నవ్వు. కుశల ప్రశ్నలయ్యాక అసలు సంగతికొచ్చింది.

"వాట్ అబౌట్ ఇన్‌కమింగ్?"

ఇంత తేలిక ప్రశ్నా! సిమ్ కార్డు అమ్మే ప్రతివాడూ రోజూ చెప్పే జవాబే కదా అనుకున్నాను.

"ఇన్‌కమింగ్ ఫుల్ ఫ్రీ, మేడమ్!"

ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి. "ఫ్రీ? ఫర్ ఎవ్రీవన్?"

"ఎవ్రీవన్! లైఫ్‌టైమ్!"

ఆవిడ గుండె మీద చెయ్యి వేసుకుంది. కళ్ళు తుడుచుకుంది.

"అక్కా, ఆమె ఎందుకేడుస్తుంది?" అని గుసగుసలాడింది స్వప్న.

"పాపం, వాళ్ల దేశంల ఇన్‌కమింగ్‌కు పైసలు పడ్తయేమో!"

నెల తిరక్కుండానే ఇంగ్లీషులో మెసేజ్ వచ్చింది: ఇన్‌కమింగ్ ఆరు, గురువారం పొద్దున, ఎయిర్‌పోర్టు బస్సులో ఎల్బీ నగర్‌కు. ఆ 'ఇటీ' ఏదో పంపిస్తున్నారు, ఆరు పెట్టెల సామాను అనుకున్నాను. మోయడానికి ట్రాలీ ఆటో మాట్లాడుకుని, స్వప్నను వెంటేసుకుని బస్టాపులో నిలబడ్డాను. బస్సు ఆగింది. వీపున సంచులతో ఐదుగురు పిల్లలు, వాళ్ళ వెనుక మార్తా దిగారు.

"వేర్ ఈజ్ బాక్స్, మేడమ్?" అన్నాను.

"వేర్ ఈజ్ హౌస్?" అంది ఆవిడ.

అక్కడే, బస్సుల హారన్ల మధ్య, ఆవిడ నెమ్మదిగా విడమరిచి చెప్పింది. మొబిలిటీ అంటే మొబైల్ కాదట. నేర్చుకోవడానికి మనుషులు ఒక దేశం నుంచి ఇంకో దేశానికి వెళ్ళి రావడమట. ఇన్‌కమింగ్ అంటే వచ్చేవాళ్ళు, అవుట్‌గోయింగ్ అంటే మన దగ్గర నుంచి వెళ్ళేవాళ్ళు. విమానం ఖర్చు ఆ ప్రకటన ఇచ్చిన విదేశీ నిధి భరిస్తుంది. ఉండడానికీ తిండికీ ఎక్కడైనా డబ్బు అడుగుతారు, ఫ్రీ అన్నది నేనొక్కదాన్నేనట. అందుకే నన్ను ఎంచుకున్నారట. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నా నోరు ఫ్రీ అయింది, ఊరే వచ్చి దిగింది.

స్వప్న నా కొంగు పట్టుకుంది. "అక్కా... అంటే అవుట్‌గోయింగ్ అంటే నేనా?"

ఆ ఒక్క ప్రశ్నతో నా సిగ్గంతా ఎగిరిపోయింది. అందరినీ ట్రాలీ ఎక్కించాను. వాళ్ళు దాన్ని మన సంప్రదాయం అనుకుని దారంతా ఫోటోలు తీసుకున్నారు.

సుబ్బారావు గారు గేటు దగ్గరే దొరికారు.

"చెప్పానా లేదా? పొరపాటైందని చెప్పి పంపించెయ్యమ్మా."

"చెప్ప సార్. ఫ్రీ అన్న. మాటంటే మాటే. మీ పై పోర్షన్ ఖాళీగనే ఉంది గదా?"

"నా పోర్షనా? నాకేంటమ్మా సంబంధం?"

"వాళ్లకు ఇంగ్లీషు వచ్చినోళ్లు తోడుండాలె. నాకు రాదని మీరే అంటిరి. మరి ఈ గల్లీల ఇంకెవరికొస్తది సార్?"

ఆయన జేబులోంచి తాళం చెవి తీశారు. వచ్చినవాళ్ళకు ఆయన ఇంగ్లీషు అర్థం కాలేదు, ఆయనకు వాళ్ళది అర్థం కాలేదు. ఆవకాయ మాత్రం అందరికీ అర్థమైంది. రెండోరోజు నుంచి వాళ్ళకు పెసరట్లు ఆయనే దగ్గరుండి వేయించారు.

అసలు సంగతి నా బల్ల దగ్గర జరిగింది. వాళ్ళ దేశంలో ఫోను చెడితే పారేస్తారట, బాగుచేయడం నేర్చుకోవాలనే ఇంత దూరం వచ్చారట. నేర్పింది స్వప్న. అది చూసి మార్తా, అవుట్‌గోయింగ్ వంతుకు స్వప్ననే తమ పాఠశాలకు రమ్మంది, అక్కడి పిల్లలకూ నేర్పడానికి. ఆ కబురు విని వాళ్ళన్న దుకాణం మూసి చూడ్డానికొచ్చాడు. ఐదుగురు తెల్లపిల్లలు తన చెల్లెలి చేతివైపు కన్నార్పకుండా చూస్తున్నారు. ఆయన గుమ్మంలో చెప్పులు విడిచి నా దగ్గరకొచ్చాడు.

"దసరాకు... ఈమె ఈడ ఉండదా అక్కా?" అన్నాడు.

"ఉండదు. అవుట్‌గోయింగ్!" అన్నాను.

వెళ్ళింది. దసరా రోజు అభిమానం ఆపుకోలేక నేనే ఫోన్ చేసి, తిన్నవా, చలి ఉందా, ఏం నేర్పుతున్నవ్ అని గుక్క తిప్పుకోకుండా అడుగుతున్నాను. స్వప్న అడ్డుపడింది.

"అక్కా, జల్ది చెప్పు! ఇది రోమింగ్. ఈడ ఇన్‌కమింగ్ ఫ్రీ కాదు!"

కాబట్టి మహాజనులారా, చల్లారిన సోల్డరింగ్ ఐరన్ మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను. అర్థం తెలియని మాట పక్కన 'ఫ్రీ' అనే మాట ఈ జన్మలో చేర్చను. అర్థం తెలియని మాటలు మాత్రం ఆడుతూనే ఉంటాను. అర్థం తెలిసి ఉంటే, ఆ పిల్ల ఇవాళ అన్న దుకాణంలో బట్ట గజాలు కొలుస్తూ ఉండేది.