థైరాయిడ్ పేరుతో మొక్కిన మొక్కు: గజపతినగరం నుంచి శ్రీముఖలింగం దాకా

మా శ్రీముఖలింగం ప్రయాణానికి కారణం మేం ఆడిన అబద్ధం. నాకు రొమ్ము క్యాన్సర్. బయటపడి ఐదు నెలలు కావస్తోంది, విశాఖపట్నంలో వైద్యం జరుగుతోంది. ముందు కీమో ఇచ్చి గడ్డని చిన్నది చేస్తారట, ఆ తర్వాత ఆపరేషన్ అట. ఆ ప్రయాణం దాకా ఈ సంగతి నాకూ మా ఆయనకీ తప్ప మూడో మనిషికి తెలియదు. గజపతినగరంలో మాకు కిరాణా కొట్టుంది. నేను చేసే కారప్పొడి, కందిపొడి, గుమ్మడి వడియాలు అందులో బాగా అమ్ముడుపోతాయి. డాక్టరు గదిలోంచి బయటికి వచ్చీ రాగానే మా ఆయన అన్న మొదటి మాట, "ఆ జబ్బున్న చేత్తో కొట్టిన కారం ఎవడు కొంటాడే?" అని. నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ కొనరేమోనని నాకూ లోపల భయమే. అందుకని అడిగినవాళ్ళందరికీ థైరాయిడ్ అని చెప్పాం. జుట్టు ఊడినా థైరాయిడే, నీరసమొచ్చినా థైరాయిడే. మా చుట్టాలు ఎవరూ రెండో ప్రశ్న వెయ్యలేదు.

చిక్కంతా నౌపడలో వచ్చింది. మా అన్నయ్య అక్కడ బట్టల కొట్టు నడుపుతాడు. మా వదిన వరలక్ష్మి మహా చురుకైన మనిషి. మొదట్లో నేను వాళ్ళింటికి వెళ్ళినప్పుడు, చీర మార్చుకుంటుంటే నా చంకలో గడ్డ చూసింది. తర్వాత మా ఆయన ఫోన్లో ఆవిడకి "థైరాయిడ్ గడ్డట" అని చెప్పేశారు. చంకలో థైరాయిడ్ ఏమిటని ఆవిడా అడగలేదు, ఆయనకీ తట్టలేదు. ఆ సాయంత్రమే వదిన వీధిలో ఆడవాళ్ళని పోగుచేసి, లలిత గడ్డ, అంటే నా గడ్డ, కరిగితే ముఖలింగేశ్వరుడికి అభిషేకం చేయిస్తామని మొక్కేసింది. అప్పట్నుంచి పదకొండు మంది నా కోసం సోమవారాలు ఉపవాసం ఉంటున్నారు. మొన్న కీమోకి గడ్డ సగానికి తగ్గిందని డాక్టరు చెప్పగానే సంతోషం ఆపుకోలేక వదినకి ఫోన్ చేసి గడ్డ తగ్గిందన్నాను. "సూసినావా మరి! మొక్కు తీర్సీయాల," అని ఆవిడ వెంటనే రోజు కూడా పెట్టేసింది.

అక్కడితో నా బుర్ర పనిచెయ్యడం మానేసింది. వాళ్ళు పస్తులున్నది ఏ జబ్బుకి? తగ్గుతున్నది ఏ జబ్బు? దేవుడి దగ్గర కూడా అబద్ధం చలామణీ అయిపోతుందా, లేక ఎప్పుడో ఒకనాడు పట్టుబడి అంతా తిరగబడుతుందా? కనీసం పూజారి చెవిలోనైనా అసలు పేరు చెప్పాలని నేను గట్టిగా అనుకున్నాను. మా ఆయనేమో, "నోరు మెదపకుండా దండం పెట్టుకుని వచ్చెయ్," అన్నారు. ఐదో కీమో అయి రెండు వారాలు దాటింది. రక్తపరీక్ష బాగుంది కాబట్టి మాస్కు పెట్టుకుని, జనంలో ఎక్కువసేపు ఉండకుండా వెళ్ళి రమ్మని డాక్టరమ్మ ఒప్పుకుంది.

తెల్లవారి ఐదున్నర బస్సుకి గజపతినగరంలో బయల్దేరాం. విజయనగరానికి గంట లోపే. అక్కడ శ్రీకాకుళం బస్సు ఏడింటికి దొరికింది, ఎనిమిదిన్నర దాటాక దింపింది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకి టికెట్ లేదు. మగవాళ్ళకి విజయనగరం నుంచి శ్రీకాకుళానికి నూటపాతిక లోపే. "నాకు నేను టికెట్ కొనుక్కుని నీ మొక్కుకి వస్తున్నాను," అని మా ఆయన దారంతా సణిగారు. శ్రీకాకుళం నుంచి నరసన్నపేటకి ఇంకో ముప్పావుగంట. బస్టాండు ఎదురుగా వేడి ఇడ్లీ, అల్లం చట్నీ తిన్నాం. కీమో మొదలైనప్పట్నుంచి నాకు ఏం తిన్నా ఇనుము నాకినట్టే ఉంటుంది కాబట్టి ఆ ఇడ్లీ ఎలా ఉందో నన్ను అడగొద్దు. మా ఆయన మాత్రం రెండు ప్లేట్లు తిన్నారు.

నరసన్నపేట నుంచి శ్రీముఖలింగానికి బస్సులున్నాయి గానీ తక్కువ. గుడి మధ్యాహ్నం మూసేస్తారు, పదకొండు లోపు చేరితే మంచిదని అక్కడివాళ్ళు చెప్పడంతో రానూపోనూ, ఆగినందుకూ కలిపి ఏడువందలకి ఆటో మాట్లాడుకున్నాం. జలుమూరు మీదుగా ముప్పావుగంట. దారికి రెండువైపులా వరి. డ్రైవరు యాభై ఏళ్ళ పెద్దమనిషి, మాటకారి. నా సందేహం ఆయన్నే అడిగేశాను.

"ఈ గుడికి చాలామందిని తెస్తుంటావు కదా బాబూ, ఒక మాట చెప్పు. ఒక జబ్బు పేరు చెప్పి మొక్కుకున్నాక, ఒంట్లో ఉన్నది వేరే జబ్బైతే ఆ మొక్కు చెల్లుతుందా?"

మా ఆయన మోచేత్తో నా పక్కలో పొడిచారు.

"ఏటమ్మా అలగడుగుతన్నావు? దేవుడేటి మందుల సాపోడా, డాక్టరు సీటీ సూడకుండా మందియ్యననడానికి?" అన్నాడు డ్రైవరు. నాకు ప్రాణం లేచొచ్చింది. కిలోమీటరు పోయాక ఆయనే మళ్ళీ వెనక్కి తిరిగి, "గానీ అమ్మా, అడ్రసు తప్పు సెప్తే నేనే ఊరంతా తిరిగి సేరతాను. పేరు సరిగ్గా సెప్పీడం మంచిదే గదా," అన్నాడు. మళ్ళీ మొదటికొచ్చాను.

పదిన్నరకి గుడి దగ్గర దిగాం. గోడల మీది శిల్పాలు చూడాలంటే గంటైనా పెట్టుకోవాలి, నేను ఏం చూశానో నాకే తెలియదు. నౌపడ నుంచి వ్యాన్లో వచ్చిన పదకొండు మందీ అప్పటికే మండపంలో కూర్చుని కొబ్బరికాయలకి పసుపు రాస్తున్నారు. వదిన నన్ను చూడగానే వచ్చి గట్టిగా పట్టేసుకుంది. "ఎంత సిక్కిపోనావే! థైరాయిడ్‌కి లావవుతారంటారు, నువ్వేటిలా?" అంది. మా ఆయన వెంటనే గోపురం ఎత్తు గురించి మాట్లాడ్డం మొదలెట్టారు.

వదిన అభిషేకం సంగతి మాట్లాడ్డానికి పూజారి దగ్గరికి వెళ్ళింది. అప్పుడే ఆ పదకొండు మందిలో ఒకావిడ వచ్చి నా పక్కన మెట్టు మీద కూర్చుంది. నలభై ఏళ్ళుంటాయేమో. పేరు పైడమ్మ అని చెప్పింది. నౌపడ ఉప్పు మడుల్లో పని చేస్తుందట, అరచేతులు పగిలి తెల్లగా ఉన్నాయి. మా వైపు అక్కని అప్ప అంటారు, అలాగే పిలిచింది.

"అప్పా, నీ గడ్డ నిజంగానే కరిగినాదేటి?"

"సగానికి తగ్గిందమ్మా."

"ఏ మాత్రలేసినావో పేరు సెప్పవా? మా ఆడబిడ్డకి థైరాయిడే. దాని మాత్రలే అడిగి నేనూ మింగుతన్నాను. నాది కరగట్లేదు. పెరుగుతన్నాది."

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. ఆవిడ చుట్టూ చూసి, నా చెయ్యి పట్టుకుని, పైట చాటున తన చంకలోకి తీసుకెళ్ళింది. ఐదు నెలలుగా స్నానం చేసినప్పుడల్లా నా వేళ్ళు తడిమింది అలాంటి గడ్డనే. అదే గట్టితనం, నొక్కితే కదలకపోవడం కూడా అదే.

"ఎప్పట్నుంచి ఉంది పైడమ్మా?"

"నీకొచ్చినాదని వరలక్ష్మమ్మ సెప్పినప్పుడే తడుముకుని సూసుకున్నాను. నీది థైరాయిడైతే నాదీ అదే గదా అనుకున్నాను. నీకు తగ్గితే నాకూ తగ్గుతాదని ఒక్క సోమారం ఉపాసం ఒగ్గినేదు."

పూజారి చెవిలో మెల్లగా చెప్పాలనుకున్నదంతా ఎటు పోయిందో! "నాది థైరాయిడ్ కాదు పైడమ్మా, క్యాన్సర్!" అని అరిచేశాను. మండపమంతా వినబడింది. మా ఆయన "లలితా!" అన్నారు. పసుపు రాస్తున్న చేతులు ఆగిపోయాయి.

వదిన పరుగున వచ్చింది. "ఏటీ? ఏటన్నావు? మరి ఇన్ని సోమారాలూ మాసేత ఏటికి సేయించినావే? మీ అన్నకీ అబద్ధమేనా?" అని నా భుజాలు పట్టుకుని కుదిపేసింది. తర్వాత నా తల మీది స్కార్ఫు చూసి భోరుమంది. నేనూ ఏడ్చాను, సిగ్గుతోనో భయంతోనో ఇప్పటికీ చెప్పలేను. పెద్దావిడ ఒకావిడ, "అయితే మొక్కు సెల్లినట్టా, సెల్లనట్టా?" అంది. అంతే, చెల్లిందని కొందరు, లేదని కొందరు వాదన మొదలెట్టారు. పైడమ్మని ఎవరూ చూడటం లేదు. ఆవిడ నా పక్కనే నిలబడి, "అయితే నాదీ అదేనా అప్పా?" అంది.

"నాకు తెలీదు. డాక్టరు చూడాలి. నాతో రా, నేను తీసుకెళ్తాను." ఈ మాట అన్నది నేనేనా అని నాకే అనుమానమొచ్చింది. అప్పటిదాకా నన్ను ఒకరు తీసుకెళ్ళడమే గానీ నేను ఒకర్ని తీసుకెళ్ళింది లేదు.

పూజారిగారు పాపం ఎంతసేపని చూస్తారు? "అమ్మా, వేళ మించిపోతోంది. సంకల్పం ఎవరి పేరు మీద, ఏమని చెప్పమంటారు?" అన్నారు. వదిన ముక్కు చీదుకుని, "లలితది, పైడమ్మది, ఇద్దరి పేర్లూ సెప్పండి. జబ్బు పేరు... ఏటే, ఏటని సెప్పమంటావు?" అని నా మొహం చూసింది.

"జబ్బు పేరు అక్కర్లేదమ్మా. సర్వరోగ నివారణార్థం అంటాను. అందులో అన్నీ వస్తాయి," అన్నారాయన.

ఏడుస్తూనే నవ్వేశాను. ఇంత చిన్న మాట ఉందని ముందే తెలిసుంటే నేను నోరు మూసుకునే ఉండేదాన్ని. పైడమ్మ తన థైరాయిడ్ మాత్రలతో నౌపడ వెళ్ళిపోయేది. అది తలుచుకుని అభిషేకం జరుగుతున్నంతసేపూ పైడమ్మ చెయ్యి వదలకుండా పట్టుకున్నాను.

పూజయ్యాక వంశధార ఒడ్డున కూర్చుని పులిహోర తిన్నాం. నాకు దగ్గరగా ఎవరు కూర్చుంటారోనని దొంగచూపులు చూశాను. ఒకావిడ కొంచెం అవతలికి జరిగింది. వదిన నా విస్తట్లో మిగిలిన పులిహోర తీసుకుని తినేసింది. నాకు రెండూ గుర్తుండిపోయాయి. అదే ఆటోలో తిరిగి బయల్దేరాం. శ్రీకాకుళం బస్టాండులో టీ తాగుతూ మా ఆయన, "ఆవిణ్ణి ఎప్పుడు తీసుకెళ్తావు?" అని అడిగారు. గురువారం అన్నాను. "కొట్టు మూసేసి నేనూ వస్తాను. ఆ క్యూలో నువ్వు నిలబడలేవు," అన్నారు. ఇంటికి చేరేసరికి రాత్రి ఏడైంది.

గురువారం నౌపడ నుంచి రైల్లో పైడమ్మ, వదిన విశాఖపట్నం వచ్చారు. ఏ కౌంటర్లో చీటీ రాయించాలో, ఏ గది ముందు కూర్చోవాలో నాకు కంఠతా వచ్చు. ఐదు నెలల్లో నేను నేర్చుకున్న చదువు అదొక్కటే, అది ఒకరికి పనికొచ్చింది. డాక్టరమ్మ పైడమ్మని పరీక్ష చేసి, ఎన్నాళ్ళయిందని అడిగింది. నాలుగు నెలలు దాటిందని పైడమ్మ చెప్పింది. "మరి ఇన్నాళ్ళూ ఏం చేశావమ్మా?" అంది డాక్టరమ్మ, కాస్త కోపంగానే.

"ఈవిడికి తగ్గాలని సోమారాలు సేసినానండి," అని పైడమ్మ నన్ను చూపించింది. ఆవిడ గొంతులో నా మీద కోపం రవ్వంత కూడా లేదు. నేను ఫైలు పట్టుకుని తల దించుకున్నాను.

సూది పరీక్ష చేశారు. ఇది రాస్తున్నప్పటికి ఫలితం ఇంకా రాలేదు. ఆ పదకొండు మంది ఉపవాసాలు నన్ను కాపాడాయో, పైడమ్మని నాలుగు నెలలు వెనక్కి లాగాయో నాకు తేలడం లేదు. తప్పు ఉపవాసాలది కాదు, మా అబద్ధానిది అని ఒకసారి అనిపిస్తుంది. ఆ మొక్కే లేకపోతే పైడమ్మ నా పక్కన వచ్చి కూర్చునేదే కాదు కదా అని ఇంకోసారి. దేవుడికి దండం పెట్టబోతే ముందు క్షమాపణ చెప్పాలో, కృతజ్ఞతలు చెప్పాలో తెలియక చేతులు అలాగే ఉండిపోతున్నాయి. మా వదినకి ఈ గోలేం లేదు. సోమవారం తలస్నానం చేసేటప్పుడు ప్రతి ఒక్కరూ రొమ్ములూ చంకలూ తడిమి చూసుకున్నాకే దీపం పెట్టాలని పదకొండు మందికీ హుకుం జారీ చేసింది. సంగతి మా ఊరికీ పాకింది. కారప్పొడి అమ్మకం తగ్గింది, ఆ మాట దాచను. కానీ నిన్న ఒకావిడ కొట్టుకొచ్చి ఏమీ కొనకుండా నిలబడి, మా ఆయన లోపలికి వెళ్ళేదాకా చూసి, విశాఖలో ఏ కౌంటరుకి వెళ్ళాలని నన్ను అడిగింది. కాగితం మీద రాసిచ్చాను.

ఇలాంటి ప్రయాణం చెయ్యాల్సినవాళ్ళకి ఒక్క సలహా. గడ్డ తగిలిన వారంలోనే బయల్దేరండి. ఆధార్, రేషన్ కార్డు, పాత రిపోర్టులు ఒకే సంచిలో పెట్టుకోండి, సోమవారం రద్దీ వదిలేసి మంగళవారం ఎనిమిదింటికల్లా చీటీ రాసే కౌంటరు దగ్గర ఉండండి. ఊళ్ళో ఎవరైనా ఎక్కడికని అడిగితే మాత్రం, క్యాన్సర్ ఆసుపత్రికి అని చెప్పి బస్సెక్కండి.